చావు లేని ఇంట్లో శోకం

ఫిబ్రవరి 4, ప్రొద్దుటూరు

రామాంజులు సార్ చెప్పారు కాబట్టి రాస్తున్నాను. నాకైతే రాయాలని లేదు.

"గౌరమ్మా, నీ చెయ్యి బిగుసుకపోయింది. థీసిస్ పక్కన పెట్టు. పొద్దున్నే లేచి అరగంట డైరీ రాయి. ఎవురికీ చూపియ్యాకు, నాక్కూడా. తప్పులు దిద్దాకు, వెనక్కి తిరిగి చదవాకు. చెయ్యి వదులైతే మిగతాది దానంతట అదే వస్తాది" అన్నారు ఫోన్లో. ఆయన నా గైడు, పులివెందులలో ఉంటారు. రిటైరైనాక ఆయన చేతికింద మిగిలిన ఆఖరి విద్యార్థిని నేనే. నన్ను గట్టెక్కిస్తే తప్ప ఆయనకు మనశ్శాంతి లేదు, పాపం.

సరే, ఏం రాయాలి? ఉన్నదే రాస్తాను. డిసెంబరులో నా తమ్ముడు సుధీర్ చచ్చిపోయాడు. చిలమకూరు దగ్గర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. షిఫ్టు దిగి బండి మీద ఇంటికి పోతూ, ముద్దనూరు రోడ్డులో లైట్లు లేకుండా ఆపిన లారీని గుద్దుకున్నాడు. మర్యాదకు 'మరణించాడు' అని రాయాలి కదా? దిద్దవద్దన్నారు, కాబట్టి దిద్దను.

మార్చి ఆఖరుకు థీసిస్ ఇవ్వాలి. ఇప్పటికే పొడిగించి పొడిగించి యూనివర్సిటీ వాళ్ళు విసిగిపోయారు, ఇక పొడిగించరు. గండికోట ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన ఊళ్ళ ఆడవాళ్ళ శోకాలు నా విషయం. చావు ఇంట్లో ఆడవాళ్ళు రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తారే, ఆ పాటలు. అన్ని అధ్యాయాలూ అయిపోయాయి, నాలుగోది తప్ప. అది ఎందుకు కాలేదంటే

(సార్ ఇంకో చిట్కా కూడా చెప్పారు. ఆపేటప్పుడు వాక్యం సగంలో ఆపాలట. మరుసటి రోజు దాని తోక పట్టుకుని మొదలుపెట్టవచ్చట. ఆపేశాను.)

ఫిబ్రవరి 5

రాయలేదు. కరెంటు లేదు.

ఫిబ్రవరి 6

నిన్న కరెంటు ఉంది. అయినా పెన్నుతో రాసేదానికి కరెంటెందుకే నీకు, గౌరీ?

ఫిబ్రవరి 8

ఈరోజు గడియారం చిట్కా. ఫోన్లో ఇరవై ఐదు నిమిషాలు పెట్టుకోవాలి. గంట మోగేదాకా కుర్చీలోంచి లేవకూడదు. రాసినా సరే, గోడ చూసినా సరే, కుర్చీ మాత్రం వదలకూడదు. గోడ చూశాను. మా గోడకు ఈశాన్యం మూల పెచ్చు లేచింది. మా ఆయనకు చెప్పాలి. ఆయనకు డ్రిప్ పైపుల అంగడి ఉంది, గోడలు చూసే తీరిక లేదు. అయినా "రాసుకో రాసుకో" అని పొద్దున కాఫీ తానే పెడుతున్నారు ఈమధ్య. తమ్ముడు పోయినప్పటి నుంచి ఈ మర్యాద. నాకు ఆ మర్యాద కూడా బాగాలేదు.

రెండోసారి గడియారం పెట్టి కార్డులు సర్దాను. ఒక్కో పాటకూ ఒక అట్ట కార్డు. పైన పాడినవారి ఊరు, కింద ఎవరి కోసం పాడిందీ. భర్త కోసం, తల్లి కోసం, అత్త కోసం, పసిబిడ్డ కోసం. ఎదిగిన కొడుకు కోసం ఒక్కటే కార్డు. దాన్ని బోర్లించి పెట్టాను.

సార్ చిట్కాల్లో నాకు ఒకప్పుడు బాగా పనిచేసింది ఇంకొకటి ఉంది. రాసేటప్పుడు చదివేవాళ్ళు ఒకరిని ఎదురుగా కూచోబెట్టుకోవాలి. పండితుణ్ణి కాదు, మామూలు మనిషిని. నేను సుధీర్‌ను కూచోబెట్టుకునేదాన్ని. మునిగిన ఊళ్ళవాళ్ళకు కట్టిచ్చిన కాలనీల చుట్టూ నన్ను తిప్పింది వాడే. బండి మీద వెనక కూచుని రాసిన పేజీలు గట్టిగా చదివేదాన్ని, గాలికి సగం ఎగిరిపోయేది. "అక్కా, ఆ ముక్క నాకర్థం కాల్యా. నాకర్థం కాల్యా అంటే నీగ్గూడా అర్థం కాల్యా అన్నట్టు" అనేవాడు. ఇంటర్ తప్పిన వెధవ. వాడు అర్థం కాలేదన్న ప్రతి ముక్కా సార్ కూడా ఎర్రసిరాతో గీశారు.

ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరిని కూచోబెట్టుకోవాలి?

ఇంకొకటి కూడా రాసెయ్యాలి, వెనక్కి చూడను కదా. శవం దగ్గర పెద్దమ్మ రాగం తీసి ఏడుస్తుంటే నేను ఏడవలేదు. "ఈ మకుటం కొండాపురం వైపుది కాదే, ఎక్కడిది?" అనుకున్నాను. చేతిలో కార్డు ఉంటే రాసుకునేదాన్ని.

ఫిబ్రవరి 11

అమ్మ దగ్గరకు పోయి వచ్చాను. జమ్మలమడుగు కాలేజీలో పాఠం చెప్పడం అయిపోగానే ముద్దనూరొచ్చి తాడిపత్రి బస్సు పట్టుకుని, కొండాపురంలో దిగి, కాలనీకి ఆటో. ఇంతకు ముందు ఈ దారిలో బస్సెక్కిన పాపాన పోలేదు.

అమ్మ గడపలో కూచుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది, అంతే. పక్కింటి షాహీదాబీ వచ్చింది. మునిగిపోయిన మా పాత ఊళ్ళోనూ మాకు పక్కిల్లే ఆమెది. కాలనీలో ఇళ్ళు ఇచ్చేటప్పుడు ఆఫీసర్లతో పోట్లాడి మళ్ళీ మా పక్కనే ఇల్లు తీసుకుంది. నన్ను వంటింట్లోకి లాక్కుపోయి గుసగుసగా చెప్పింది.

"పాపా, మీ యమ్మ కంట్లో ఒక్క సుక్క రాల్యా ఇంతవరకు. నిర్మలమ్మ నోరు తెరిస్తే రాళ్ళు ఏడుస్తాయని పేరు. ఊర్లో ఎవురు పోయినా ముందు ఈమెకే కబురంపేది. సొంత కొడుకు పోతే గమ్మునుండిపాయె. దివసాలప్పుడూ అంతే. అది లోపల గడ్డ కట్టుకుపోతాంది పాపా. ఎట్లన్నా సరే ఏడిపియ్యాల."

నేను బయటికి వచ్చి కూచున్నాను. అమ్మే ముందు అడిగింది.

"నీ పుస్తకం అయిపాయనా?"

"ఇంకా లేదమ్మా."

"అండ్ల ఆ పాట ఉందా?"

"ఏ పాట?"

"తెలీనట్టు అడగాకు."

"ఉంది."

"తీసెయ్." కొంగుతో మొహం తుడుచుకుంది, తుడుచుకోవడానికి ఏమీ లేకపోయినా. "సావు లేని ఇంట్ల ఏడిస్తే సావును రమ్మని పిలిసినట్టే. మా జేజి చెప్పింది నాకు. ఇనల్యా నేను. తీసెయ్ పాపా, నీకు దండం పెడతా."

అమ్మ నాకు దండం పెట్టడం. ఛీ, ఏం బతుకు.

ఫిబ్రవరి 12

తీసేస్తానని అనలేదు. తియ్యనని కూడా అనలేదు. "బస్సుకు టైమైంది" అన్నాను.

ఫిబ్రవరి 16

పులివెందుల పోయాను. సార్ ఇంట్లో చెప్పుల డబ్బాల నిండా కార్డులు. నలభై ఏళ్ళ చదువంతా చెప్పుల డబ్బాల్లో పెట్టుకున్న మనిషి. "కంప్యూటర్ పోతాది, చెప్పుల డబ్బా పోదు" అంటారు. సార్ భార్య అలసంద వడలు పెట్టింది. తిన్నాను. ఆకలి వేస్తోంది నాకు, అదేం సిగ్గో.

సార్‌కు అమ్మ మాట చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"చూడమ్మా, మంచి థీసిస్, చెడ్డ థీసిస్ అని రెండు రకాలు లేవు. అయిపోయిన థీసిస్సే మంచి థీసిస్. ఇది నేను అందరికీ చెప్తా. కానీ నాలుగో అధ్యాయంలో ఎదిగిన కొడుకు శోకం లేకపోతే మిగిలేది పట్టిక. నీ వాదనంతా దాని మీదే నిలబెట్టినావు. దాన్ని తీస్తే ఆ అధ్యాయం మొత్తం కూలబడుతుంది. ఇంకో పాట వెతికే టైము లేదు."

"అమ్మ తీసెయ్యమంటోంది సార్."

"మీ యమ్మ బాధ అర్థమైతాది. కానీ ఆ పాట మీ యమ్మ ఒక్కదానిదేనా? ఊరిది గదా?"

"ఊరెక్కడుంది సార్?"

"అందుకే గదమ్మా" అన్నారు. నేను బస్సుకని లేచాను. గేటు దాకా వచ్చి, "నేను బలవంతం పెట్టను. నువ్వే తేల్చుకో. మార్చి ఆఖరుకు నాలుగైదు రోజుల ముందు మాత్రం నా చేతిలో ఉండాల" అన్నారు. ఇది బలవంతం కాదట.

మంచివాడు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, తిట్టుకోవడానికి కూడా వీలుండదు.

ఫిబ్రవరి 17

ఆ పాట ఎలా

ఫిబ్రవరి 18

ఆ పాట ఎలా పాడించామో రాయాలి. సగంలో ఆపితే రేపు అందుకుంటావన్నారు సార్. ఈ తోక పట్టుకోవాలంటే భయం వేస్తోంది. కాలేజీకి టైమైంది.

ఫిబ్రవరి 20

మా ఆయన అంగడికి, పాప సహస్ర బడికి పోయారు. గడియారం పెట్టాను. గంట మోగేదాకా లేవను.

పోయిన అక్టోబరు. బండి మీద పోతూ నేనే అన్నాను, "ఒరేయ్, అన్ని రకాలూ దొరికాయి, ఎదిగిన కొడుకు మీద పాట ఒక్కటీ దొరకలేదు. ఆ గడి ఒకటి ఖాళీగా ఉంది" అని. అడిగిన చోటల్లా ఆడవాళ్ళు భర్త మీద పాడారు, తల్లి మీద పాడారు. కొడుకును పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం లేచి వెళ్ళిపోయారు. "దానికేముంది, అమ్మ ఉంది గదా. అమ్మకు రాని పాటా?" అన్నాడు వాడు.

కాలనీలో పాడితే ఎవరో పోయారని జనం పరిగెత్తుకొస్తారు. అందుకని అమ్మను బండి మీద ప్రొద్దుటూరు తీసుకొచ్చాడు. మా మిద్దె మీది గదిలో కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ కూచున్నాం ముగ్గురం. అమ్మకు అస్సలు ఇష్టం లేదు.

"సావు లేని ఇంట్ల ఏడిసేదేంది పాపా? తప్పు."

"ఊరు సచ్చింది గదమ్మా. ఊరి కోసమనుకో" అన్నాడు వాడు.

అమ్మ రెండు మూడుసార్లు మొదలుపెట్టింది. రాలేదు. "ఊరిని ఏమని పిలిసేది రా? పేరు పెట్టి పిలవందే రాగం లెయ్యదు" అంది. శోకం అంటే గాలిలోకి పాడేది కాదు, ఒకరిని పిలిచేది. ఆ సంగతి నేను రెండో అధ్యాయంలో పేజీలు పేజీలు రాశాను.

అప్పుడు వాడు నవ్వుతూ, "నా పేరు పెట్టుకోమ్మా. సెవులు మూసుకుంటాలే" అన్నాడు.

అమ్మ వాడి వీపు మీద ఒకటిచ్చింది. "నోరు ముయ్ రా, పాడు మాటలు."

నేను వద్దనాలి. ఏ అక్కయినా వద్దంటుంది. నేనేమన్నానంటే, "గమ్మున ఆ మూల కూచో, శబ్దం చెయ్యొద్దు" అన్నాను. ఫోన్లో రికార్డు నొక్కాను.

అమ్మ పాడింది. మొదట మాటల కోసం తడుముకుంది, తర్వాత తడుముకోలేదు. వాడి పేరు పిలిచి, చిన్నప్పుడు ఏటిలో పడబోయింది చెప్పి, వాడికి వేరుశెనగ ఉండలంటే ఇష్టమని చెప్పి, ఎందుకు పోయినావు రా అని అడిగింది. ఎదురుగా కూచున్నవాణ్ణి చూస్తూనే అడిగింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. పాట అయిపోయాక వాడి నవ్వు ఎటు పోయిందో. "అమ్మో, నేను పోతే ఇంత బాగా ఏడుస్తావామ్మా?" అన్నాడు. ఆ మాట కూడా రికార్డులో ఉంది.

ఆ తర్వాత మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని తిన్నాం. నేను కార్డు మీద రాసుకున్న మొదటి మాట: 'అద్భుతం'.

థీసిస్‌లో ఆ పాట ఎక్కించేటప్పుడు వాడి పేరు వచ్చిన చోటల్లా తీసేసి 'పేరు' అని రాసి చుక్కలు పెట్టాను. పద్ధతి అది, మేము వ్యక్తుల పేర్లు వెయ్యం. నవంబరులో ఎక్కించాను. డిసెంబరులో వాడు

గంట మోగింది.

ఫిబ్రవరి 21

ఇదంతా మూఢనమ్మకం. లారీకి లైట్లు లేవు. అంతే. వాణ్ణి చంపింది లారీ.

ఫిబ్రవరి 22

లారీయే.

ఫిబ్రవరి 24

సహస్ర కూడా డైరీ మొదలుపెట్టింది. నన్ను చూసి. మొదటి పేజీలో ఇలా ఉంది: "ఈ రోజు అమ్మ రాయలేదు. గోడ చూసింది. నేను ఎక్కాలు రాశాను." నవ్వొచ్చింది. చాలా రోజులకు. నవ్వి, వెంటనే ఆపేశాను, ఎవరైనా చూస్తారేమోనని. ఇంట్లో ఎవరూ లేరు.

మార్చి 1

షాహీదాబీ ఫోను. అమ్మ గడపలోనే కళ్ళు తిరిగి పడిందట. కాలనీ దగ్గరి ఆర్.ఎం.పి. డాక్టరు వచ్చి సెలైను పెట్టాడట. "అన్నం ముట్టదు, నీళ్ళు ముట్టదు. ఏమన్నంటే 'నోరు తెరవను షాహీదా, నన్ను అడగాకు' అంటాంది. ఏడవకుండేది సాలదని తినకుండేది గూడా నేర్సుకునింది. బిరీన రా పాపా."

రేపు కాలేజీలో ఇంటర్నల్ పరీక్షలు, సెలవు ఇవ్వరు. ఎల్లుండి పోవచ్చు. ఎల్లుండి ఎందుకు, ఇప్పుడే పోవచ్చు. పోయి ఏం చెయ్యాలి? పాట తీసేశానని చెబితే తింటుందా? తీసేసి చెబుదాం. సాయంత్రం ఫైలు తెరిచాను. పాట మొత్తం నీలం రంగు వచ్చేలా పట్టుకున్నాను. ఒక్క మీట నొక్కితే పోతుంది. నొక్కలేకపోయాను. అందులో వాడి బతుకుంది. ఏరు, వేరుశెనగ ఉండలు. అమ్మ నోట మళ్ళీ అవి రావు.

మార్చి 3

పోలేదు. జ్వరమని కాలేజీకి చెప్పాను, అమ్మకు చెప్పాను. జ్వరం లేదు.

మార్చి 4

సార్ ఫోన్ చేసి, "ఎంతవరకు వచ్చింది?" అన్నారు. "వస్తోంది సార్" అన్నాను. "ముందుకు రాకపోతే రాసినదాన్ని గట్టిగా చదువుకో. కళ్ళు మోసపోతాయి గానీ చెవులు మోసపోవు. తప్పు ఉన్నచోట నాలుక తడబడతాది" అన్నారు.

తలుపు వేసుకుని నాలుగో అధ్యాయం చదివాను. ఎవరికి చదువుతున్నట్టు అనుకోవాలో తెలియక ఉత్త కుర్చీకి చదివాను. మధ్యలో ఈ ముక్క వచ్చింది, నేను రాసిందే:

"శోకం పాడే స్త్రీ తన మనసులోని ఆరోపణను నలుగురి ఎదుట చెప్పగలదు. అత్తను, భర్తను, దేవుణ్ణి, ఆఖరుకు చనిపోయినవారిని సైతం నిలదీయగలదు. రాగం లేచిన తర్వాత ఏ మాట బయటికి వస్తుందన్నది పాడేవారి అదుపులో ఉండదు. ఆ మాటలకు తర్వాత పట్టింపు కూడా ఉండదు."

నాలుక తడబడింది. ఇంకోసారి చదివాను.

అమ్మకు ఏడుపు రాక కాదు. నోరు తెరిస్తే ఏం వస్తుందో అమ్మకు తెలుసు. వాడి పేరు పిలిచిన వెంటనే నా పేరు వస్తుంది. శవం చుట్టూ ఊరంతా ఉంది ఆ రోజు, మా అత్తగారి వాళ్ళతో సహా. అందుకని పళ్ళు బిగించి కూచుంది. "నోరు తెరవను" అంటే అన్నానికి కాదు. నా కోసం కొడుకును ఏడవకుండా సాగనంపింది మా అమ్మ. దాని మీద ఒక అధ్యాయం రాసి, డాక్టరేటు ఇవ్వమని అడుగుతున్న నేను, ఆ రోజు ఆమె పక్కన కూచుని బస్సుకు టైమైందన్నాను.

మార్చి 5, కాలనీలో

మధ్యాహ్నానికి చేరాను. అమ్మ మంచం మీద ఉంది. ఎముకలు తేలిపోయాయి. షాహీదాబీ నీళ్ళగ్లాసు పట్టుకుని బతిమాలుతోంది.

నేను తలుపు బార్లా తెరిచి, అమ్మ ముందు కింద కూచున్నాను.

"అమ్మా, నా పేరు వస్తాదని గదా నువ్వు నోరు తెరవంది?"

నన్ను చూసింది. "సదువుకున్నావు గదా. తెలిసిందిలే" అంది.

"నన్ను తిట్టు. తిట్టి ఏడువు."

"తలుపెయ్యి."

"వెయ్యను. అందరూ విననీ."

"పిచ్చిదానా, నువ్వు కాపురం సేసుకోవాల. జనం మద్దె తిరగాల. తలుపెయ్యి గౌరీ."

"వెయ్యనమ్మా."

అమ్మ గోడ వైపు తిరిగింది. అయిపోయింది, నావల్ల కాలేదు అనుకున్నాను. అప్పుడు గోడ వైపు నుంచే సన్నగా లేచింది, సుధీరూ, అని.

ఫోను నా సంచిలో ఉంది. గుర్తు రాలేదని రాస్తే అబద్ధం. గుర్తొచ్చింది. తియ్యలేదు.

అన్నీ జ్ఞాపకం లేవు. ఉన్నవి ఇక్కడ, నా కోసం మాత్రమే రాసుకుంటాను.

"సుధీరూ నా కొడకా, సద్ది గట్టిస్తి గదరా, సగమన్న తింటివా
ఊరు నీళ్ళ పాలాయె నాయినా, నువ్వు మన్ను పాలైతివా
మీ యక్క సదువు పెద్దదాయె కొడకా, నీ పేరు సిన్నదాయె
పేరు పెట్టుమంటివి గదరా, పెడితిని గదరా నేను
మీ యక్క యినె, మీ యమ్మ పాడె, నువ్వు నవ్వితివి గదరా కొడకా
ఎవుర్ని తిట్టుదు నేను, యాడ నిన్ను ఎతుకుదు
కన్న బిడ్డను తిట్టుదునా, కాటికి పోయిన నిన్ను తిట్టుదునా"

జనం వచ్చారు. గడప బయట ఆడవాళ్ళు నిలబడిపోయారు. 'మీ యక్క సదువు' అన్నప్పుడల్లా వాళ్ళ చూపులు నా వీపుకు తగులుతున్నాయి. తగలనీ. నేను అమ్మ మెడ పట్టుకున్నాను. చావు ఇంట్లో ఆడవాళ్ళు అలాగే పట్టుకుంటారు, ఒకరి మెడ ఒకరు. అమ్మ నన్ను తోసేసింది. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ తోసేసి, వీపు మీద రెండు చేతులతో కొట్టింది, దబదబా, చిన్నప్పుడు కొట్టినట్టు. కొట్టీ కొట్టీ ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి. పొద్దు వాలేదాకా ఏడ్చింది.

మార్చి 6, కాలనీలో

పొద్దున అమ్మ సంగటి అడిగింది. షాహీదాబీ పరిగెత్తుకుంటూ పోయి చేసుకొచ్చింది. ఊరుబిండి నంజుకుని ముద్దలో సగం తింది.

తింటూ తింటూ, "ఏడుపులో అన్న మాటకు పట్టింపు లేదని రాసినావు గదనే పుస్తకంలో?" అంది. ఎప్పుడో నేనే చదివి వినిపించాను.

"అవును."

"తప్పు. దిద్దుకో. ఉంటాది. మొగం మీద ఎవురూ అనరు, అంతే. ఇంగ ఈ కాలనీలో నువ్వు కనపడినప్పుడల్లా అనుకుంటారు. నేను సచ్చినాక గూడా అనుకుంటారు. తెలిసే తెరిస్తివి తలుపు, మొండి ముండా."

"తెలిసే తెరిస్తినమ్మా."

నీళ్ళు తాగింది. చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. ఈసారి నిజంగానే తడి ఉంది.

"ఆ పాట ఉండనీలే."

నాకు అర్థం కాలేదు. "తీసెయ్యమంటివి గదా?"

"నిన్న ఏడిసింది ఏడుపు. ఆ పాట ఆటది. నిజం ఏడుపు ఒకటి ఏడిసినాక ఆటదానికి బలమేముంది? ఉండనీ. నీ సదువు గూడా వాని మాదిరే మద్దెలో పోతే నేను సూల్లేను."

"పేరు తీసేసినాలేమ్మా. వాని పేరు ఉన్న చోటంతా ఉత్త చుక్కలు పెట్టినా."

అమ్మ మొహం మారిపోయింది. నిన్న కొట్టినప్పుడు కూడా అంత కోపం లేదు.

"ఎందుకు తీసినావు? వాడు నీకిచ్చిన పేరు గదే అది. రేషన్ కార్డులో తీసేసిరి. ఫ్యాక్టరీలో తీసేసిరి. నువ్వు గూడా తీసేస్తివా? ఇంగ యాడుంటాది పాపా ఆ పేరు?"

మార్చి 13

రాస్తున్నాను. గడియారం పెట్టడం లేదు.

మార్చి 19

'పట్టింపు ఉండదు' కొట్టేసి, ఉంటుందని రాశాను. ఎవరు చెప్పారో కూడా రాశాను. ఆ పాట ఎక్కడ, ఎందుకు, ఎవరి కోరిక మీద పాడించానో ఉన్నదున్నట్టు రాశాను. అమ్మ నిన్న పాడిన పాటలోంచి (నిన్న కాదు, రెండు వారాలైంది, నాకెందుకో నిన్నలాగే ఉంది) ఒక్క పాదం కూడా వెయ్యలేదు. తర్వాత ఒక పాట పాడారనీ, దాన్ని సేకరించలేదనీ మాత్రం రాశాను.

నాలుగో అధ్యాయం పంపితే సార్ చదివి ఫోన్ చేశారు. "ఆ రెండో పాట రికార్డు చేసుకోలేదా?" అన్నారు.

"లేదు సార్."

నిట్టూర్చి, "పుస్తకానికి ఇది చాలదా ఏందిలే" అన్నారు. పాటలో చుక్కలు తీసి వాడి పేరు పెడతానని చెప్పాను. "పేరు మాత్రం పద్ధతి కాదమ్మా, యూనివర్సిటీ వాళ్ళు అడుగుతారు" అన్నారు. "అడగనీండి సార్, మా అమ్మ చెప్పిందని చెబుతా" అన్నాను.

మార్చి 26

ఈరోజు సార్‌కు పంపాలి. థీసిస్ అంతా అయింది, పేరు ఒక్కటే మిగిలింది.

కంప్యూటర్‌లో దీనికి ఒక సులువు ఉంది. ఏ మాట తీసి ఏ మాట పెట్టాలో ఒకసారి చెబితే చాలు, ఉన్న చోటల్లా అదే మార్చేస్తుంది. రెప్పపాటులో అయిపోతుంది. నేనే పిల్లలకు క్లాసులో నేర్పిస్తాను.

ఆ మీట నొక్కలేదు. మొదటి పాదం దగ్గరకు పోయి చుక్కలు చెరిపి, సుధీరు అని కొట్టాను. రెండో చోటికి పోయి మళ్ళీ కొట్టాను. ఏరు దగ్గర కొట్టాను. వేరుశెనగ ఉండల దగ్గర కొట్టాను. ఎందుకు పోయినావు రా అన్న చోట వేళ్ళు తడబడి తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టాను. సహస్ర వచ్చి పక్కన నిలబడి, "మామ పేరు అన్నిసార్లు ఎందుకమ్మా?" అంది. "అమ్మమ్మ పిలుస్తోంది" అన్నాను.

ఫైలు సార్‌కు పంపేసి, వంటింట్లోకి పోయి కింద కూచుని ఏడ్చాను. వాడు పోయినాక ఇదే మొదలు. ఇన్ని పాటలు సేకరించినదాన్ని, రాగం ఒక్కటి రాలేదు, మాట ఒక్కటి రాలేదు. ఉత్త ఏడుపే వచ్చింది.